చుక్కల ముగ్గుకి టేకు ఫ్రేమ్

పదిహేను నుంచి ఎనిమిది దాకా, మధ్య చుక్క. ముగ్గులేసేవాళ్లకి ఇంతకన్నా చెప్పక్కర్లేదు. తెలియనివాళ్లకి: నడిమి వరసలో పదిహేను చుక్కలు, అటూ ఇటూ వరసకొకటి తగ్గుతూ ఎనిమిది దాకా. మొత్తం 169 చుక్కలు. అంచున వచ్చే 42 చుక్కలకి చిన్న చిన్న అద్దాలు, మిగతాదంతా తెల్లదారంతో గొలుసుకుట్టు. నీలం రంగు పొందూరు ఖద్దరు మీద నాలుగు నెలలు కూర్చుని కుట్టాను. పటాలు కట్టే షాపులో ఇస్తే, అతను అట్టకి జిగురు రాసి, గుడ్డ అతికించి, పైన గాజు ఆనించి బిగించేశాడు. మా ఇల్లు విశాఖపట్నంలో, సముద్రానికి దగ్గర్లో. రెండు వానాకాలాలు గడిచేసరికి జిగురు పసుపు మరకలై పైకి తేలింది. గాజు తగిలిన చోటల్లా నల్లగా బూజు చుక్కలు, నేను పెట్టనివి. విప్పుదామంటే గుడ్డ అట్టని వదల్లేదు.

అదే ముగ్గు మళ్లీ కుట్టాను. ఫ్రేమ్ మాత్రం ఈసారి నేనే చేసుకున్నాను. ఇప్పటికి తొమ్మిది చేశాను. అన్నిటికీ ఒకటే లెక్క: ఎప్పుడు విప్పినా గుడ్డ కుట్టినప్పటిలాగే బయటికి రావాలి. జిగురు కర్రకి, దారం గుడ్డకి. ఈ రెండూ కలవకూడదు.

కర్ర సంగతి. కొత్త కర్ర ఆరేదాకా వంకర్లు పోతుంది, అందుకని నేను పాత టేకు వెతుకుతాను. భీమిలిలో ఒక పెంకుటిల్లు పడగొడుతుంటే కిటికీ చట్రం ఒకటి కొనుక్కొచ్చాను. పాత కర్రలో మేకులు దాక్కుని ఉంటాయి. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతాన్ని కర్ర పొడవునా నడిపిస్తే ఎక్కడున్నాయో తెలుస్తుంది. నేను మొదటిసారి చూడకుండా కోసి రంపం పళ్లు పోగొట్టుకున్నాను. మేకులన్నీ పీకాక సా మిల్లులో పట్టీలు తీయించుకుంటే మన పని సగం అయినట్టే. పాత కర్ర దొరక్కపోతే హార్డ్‌వేర్ షాపులో టేకు బీడింగ్, అంటే కోసిపెట్టిన సన్న పట్టీలు, అడగండి. ఒక కన్ను మూసి పొడవునా చూసి, వంకర లేనిదే తీసుకోండి.

ఫ్రేమ్ లోపల గాజు, అట్ట కూర్చోవడానికి గాడి ఉండాలి. గాడి తీసే మెషీన్ నా దగ్గర లేదు, మీ దగ్గరా ఉండకపోవచ్చు. దానికి బదులు రెండు పట్టీలు కలిపి అతికిస్తాను. ఒకటి అరంగుళం మందం, అంగుళం పావు వెడల్పు. దీన్ని అంచు మీద నిలబెడతాం. రెండోది పావంగుళం మందం, ముప్పావు అంగుళం వెడల్పు. దీన్ని మొదటిదాని నెత్తి మీద పడుకోబెడతాం. బయటి అంచులు రెండూ సమంగా ఉంచితే, పై పట్టీ లోపలివైపు పావంగుళం ముందుకొస్తుంది. దాని కింద మిగిలే చోటే మన గాడి. రెండు పట్టీల మధ్య ఫెవికాల్ రాసి, పాత సైకిల్ ట్యూబును రిబ్బన్లలా కత్తిరించి, వాటితో బిగించి చుట్టి రాత్రంతా వదిలేస్తాను. క్లాంపులు కొనక్కర్లేదు. పక్కలకి కారిన జిగురుని తడిగుడ్డతో అప్పుడే తుడిచెయ్యండి, ఎండిపోతే ఆ చోట పాలిష్ పట్టదు.

ఇక కొలతలు. నా ముగ్గు 8 అంగుళాలకి 10. చుట్టూ అంగుళం ఖాళీ వదిలితే అట్ట 10కి 12. గాడిలో అట్ట, గాజు ఇరుక్కోకుండా ఎనిమిదో వంతు అంగుళం వదులు ఇవ్వాలి. దానికి రెండువైపులా అరంగుళం చొప్పున కర్ర మందం కలిపితే, బయటి కొలత 11కి 13, పైన ఆ ఎనిమిదో వంతు. నాలుగు ముక్కలకీ, తరుగుకీ కలిపి ఐదడుగుల పట్టీ సరిపోతుంది. మొదటి ఫ్రేముకి నేను రంపం తినే మందం లెక్కలో వేసుకోలేదు. ముక్కలు పొట్టయి కూర్చుంటే మా వీధి వడ్రంగి మావయ్య చూసి, "ఏటమ్మా, రంపానికి తిండి పెట్టవా?" అన్నాడు. ఇప్పుడు గీత మీద కాదు, గీతకి అవతల కోస్తాను.

మూలలు 45 డిగ్రీల ఏటవాలు కోతలు. మైటర్ బాక్స్ అని, రంపం ఏటవాలుగా దూరే సందులున్న ప్లాస్టిక్ పెట్టె దొరుకుతుంది. అందులో కర్ర కదలకుండా పట్టుకుని, సన్నపళ్ల రంపంతో నిదానంగా కొయ్యాలి. ఎదురెదురు ముక్కలు రెండిటినీ పక్కపక్కన నిలబెట్టి పొడవు చూడండి. వెంట్రుకవాసి తేడా ఉన్నా నాలుగో మూల నోరు తెరుస్తుంది. పెద్ద ముక్కని సాండ్ పేపర్ మీద రుద్ది చిన్నదానికి సమం చేసుకోవచ్చు. అతికించి, చుట్టూ తాడు బిగించాక, ఒక మూల నుంచి ఎదుటి మూలకి టేపు పెట్టండి, మిగతా రెండు మూలలకీ పెట్టండి. రెండు కొలతలూ ఒకటైతేనే మూలమట్టం కుదిరినట్టు. లేకపోతే జిగురు ఆరకముందే పొడవున్న వైపు మూలల్ని లోపలికి నొక్కాలి.

ఏటవాలు కోత మీద జిగురొక్కటే ఎక్కువ కాలం ఆగదు. ఆరాక ప్రతి మూలలో బయటి నుంచి రంపంతో చిన్న గాటు పెట్టి, జిగురు రాసిన వెదురు బద్ద దూర్చి, ఎండాక ముందుకొచ్చిన ముక్క కోసేస్తాను. మామూలు ఇనుప మేకులు ఈ ఊళ్లో ఏడాదికే తుప్పు మరక దింపుతాయి. మేకే కావాలంటే ఇత్తడిది వాడండి, ముందు సన్న డ్రిల్లుతో రంధ్రం చేసుకుని. పాత టేకు ఊరికే పగులుతుంది.

సాండ్ పేపర్ 120 నంబరుది, తర్వాత 220. ఆ పైన లక్క పాలిష్ మూడు పూతలు. ముసురు రోజున వేస్తే పాలిష్ తెల్లగా పాలిపోతుంది, ఎండ కాసే దాకా ఆగండి. గాడి లోపల కూడా పూత వెయ్యాలి, దాని మీద అల్యూమినియం టేపు అతికించాలి. కర్రలోంచి వచ్చే ఆమ్లాలు గుడ్డకి తగిలితే కాలక్రమంలో పసుపు తేలుతుంది. వాసన పూర్తిగా పోయేదాకా, అంటే కనీసం పది రోజులు, లోపల ఏమీ పెట్టకండి.

ఈ పది రోజుల్లో గుడ్డ పని. తడిపిన తెల్లగుడ్డ ముక్కతో ప్రతి రంగునీ ఒత్తి చూడండి. రంగు దిగకపోతేనే చన్నీళ్లలో ఉతికి నీడన పరిచి ఆరబెట్టాలి. చేతి జిడ్డు ఇప్పుడు కనబడదు గానీ తర్వాత పచ్చబడుతుంది, అందుకే ఉతకమంటున్నాను. మందపాటి టర్కీ టవల్ మీద కుట్టు కిందికి ఉండేలా బోర్లించి వెనక నుంచి ఇస్త్రీ చేస్తే అద్దాలకీ, కుట్టుకీ దెబ్బ తగలదు.

అట్ట ఆమ్లం లేనిదే కొనండి, బొమ్మలేసేవాళ్ల సామాన్లు అమ్మే షాపుల్లో ఉంటుంది. దాని మీద ఉతికిన పాత పంచె ముక్క ఒక వరస పరిస్తే, కుట్టు వెనక ముడులు ముందుకి ఉబ్బెత్తుగా కనబడవు. ఖద్దరు అట్టకన్నా అన్నివైపులా రెండంగుళాలు ఎక్కువుండాలి. ముందు స్టీలు గుండుసూదులు అట్ట మందంలోకి గుచ్చుతూ, ఖద్దరు పోగు అట్ట అంచుకి తిన్నగా ఉందో లేదో చూసుకోండి. చేనేతలో పోగు కనబడుతుంది, కాబట్టి వంకరా కనబడుతుంది. తర్వాత అట్ట వెనక గట్టి నూలు దారంతో ఈ అంచు నుంచి ఆ అంచుకి, నులకమంచం అల్లినట్టు, మధ్యలో మొదలుపెట్టి చివరలకి లాగుతూ కుట్టుకుపోవాలి. ఒక జత అంచులయ్యాక రెండో జత. అతిగా లాగితే ముగ్గు సాగిపోతుంది, మధ్యమధ్యలో తిప్పి చూసుకోండి. రెండు గంటలు పడుతుంది. నాకు మొత్తం పనిలో ఇష్టమైన భాగం ఇదే. విప్పాలంటే ఆ దారం కత్తిరిస్తే చాలు.

బిగించే వరస ఇది: ముందు 2 మిల్లీమీటర్ల గాజు, కొలత సరిగ్గా 10కి 12. గాజు మీద చుట్టూ అరంగుళం ఎత్తు, పావంగుళం మందం ఉన్న సన్న పట్టీలు, వీటికీ పాలిష్ వెయ్యాలి. ముందుకొచ్చిన పై పట్టీ కింద దాక్కుంటాయి కాబట్టి ఎదుట నుంచి కనిపించవు, అద్దాల్ని మాత్రం గాజుకి తగలనివ్వవు. వాటి మీద అట్ట, వెనక 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్. ప్లైవుడ్‌ని చిన్న ఇత్తడి స్క్రూలతో పట్టించి, సందుల మీద కాగితం టేపు వేస్తాను. గాజు బదులు అక్రిలిక్ షీటు వేస్తే తేలిగ్గా ఉంటుంది గానీ, తుడిచినప్పుడల్లా దుమ్ముని, వదులు పోగుల్ని లాక్కుంటుంది.

వేలాడదీసే రింగులు పైనుంచి మూడో వంతు దగ్గర, రెండువైపులా. కింది రెండు మూలల వెనక రబ్బరు ముక్కలు అంటిస్తే గోడకీ ఫ్రేముకీ మధ్య గాలి ఆడుతుంది. వాన కొట్టే గోడకి, పడమటి ఎండ పడే గోడకి పెట్టొద్దు. మాది హాల్లో లోపలి గోడకి ఉంది. వానలు తగ్గాక ఒకసారి దించి వెనక టేపు తడిసి లేచిందేమో చూసుకుంటాను. మొన్న ఒక అద్దం కుట్టు వదులైతే ఆరు స్క్రూలు తీసి, బిగించి, కాఫీ చల్లారేలోపు మళ్లీ గోడకి పెట్టేశాను.