సినిమా కథను, దానికి దక్కిన ఆదరణను రాయడం ఎలా?

ఒక సినిమా గురించి రెండు పేరాలు రాయమంటే మనలో చాలామంది మొదటి పేరాలో కథంతా చెప్పేసి, రెండో పేరాలో ‘సూపర్ హిట్ అయింది’ అని చేతులు దులుపుకుంటారు. సినిమా చూసినవారికి ఆ మొదటి పేరా అక్కర్లేదు, చూడనివారికి అది చూడాలన్న కోరికనే పోగొడుతుంది. ఇక హిట్ అన్నది ఎక్కడ, ఎప్పుడు, ఎంత ఖర్చుకు ఎదురు నిలిచి హిట్టో చెప్పనప్పుడు రెండో పేరావల్ల ఎవరికీ ఏమీ తెలియదు. కథాసంగ్రహం రాయడమూ, ఆదరణను నమోదు చేయడమూ రెండు వేరువేరు పనులు. మొదటిదానికి ఏది చెప్పకూడదో తెలియాలి, రెండోదానికి ఏది అడిగి తెలుసుకోవాలో తెలియాలి.

సినిమా చూసి వచ్చిన రాత్రే, ఏ సమీక్షా చదవకముందే, కథను మీ మాటల్లో రాసిపెట్టుకోండి. సమీక్ష చదివాక రాస్తే అందులోని వాక్యాలు మనకు తెలియకుండానే మన కలంలోకి వచ్చేస్తాయి. కథానాయకుడికి లేదా నాయికకు ఏం కావాలి, దానికి అడ్డు ఎవరు, ఇంటర్వెల్ పడేటప్పటికి ఏం మారింది అన్న మూడింటికి జవాబు దొరికితే సంగ్రహం దాదాపు సిద్ధమైనట్టే. తెలుగు సినిమాలో ఇంటర్వెల్ అనేది సమోసాలకిచ్చిన విరామం మాత్రమే కాదు, దర్శకుడు కథను అక్కడే మలుపు తిప్పుతాడు; కాబట్టి సంగ్రహాన్ని ఆ మలుపు దాకా తీసుకువెళ్ళి ఆపడం చాలా సినిమాల విషయంలో క్షేమకరమైన పద్ధతి.

ఉదాహరణకు 2023 మార్చిలో విడుదలైన ‘బలగం’ తీసుకుందాం. ‘ఒక కుటుంబంలో అనుబంధాల విలువను చాటే హృద్యమైన కథ’ అని రాస్తే ఆ వాక్యం మరో వంద సినిమాలకు కూడా సరిపోతుంది. అదే, ‘అప్పుల్లో కూరుకుపోయి, కట్నం డబ్బుతో గట్టెక్కుదామనుకుంటున్న సాయిలు నిశ్చితార్థం ముంగిట అతని తాత కొమురయ్య చనిపోతాడు, కర్మకాండలో పెట్టిన ముద్దను కాకి ముట్టదు, ముసలాయన మనసులో ఏ కోరిక మిగిలిపోయిందోనని ఊరంతా చెవులు కొరుక్కుంటుంటే, కొడుకులకూ అల్లుడికీ మధ్య ఏళ్ళ తరబడి నానుతున్న పాత గొడవ బయటపడుతుంది’ అని రాస్తే చదివేవారికి తెలంగాణ పల్లె, మనుషులు, చిక్కు మూడూ కళ్ళకు కడతాయి. ఇందులో పొగడ్త ఒక్కటీ లేదు, ముగింపు లేదు. కాకి మాత్రం ఉంది. ఏ సంగ్రహంలోనైనా అటువంటి ఒక్క వస్తువు ఉండేటట్టు చూసుకోండి.

పౌరాణికాలకు వచ్చేసరికి ఈ లెక్క మారుతుంది. పెళ్ళి ఎవరితో జరుగుతుందో ముందే తెలిసిన ప్రేక్షకుడికి ఫలితాన్ని దాచిపెట్టి లాభం లేదు. 1957లో కె.వి.రెడ్డి దర్శకత్వంలో విజయా సంస్థ తీసిన ‘మాయాబజార్’లో శశిరేఖ అభిమన్యుడికే దక్కుతుందని టికెట్ కొనేటప్పుడే అందరికీ తెలుసు, ఎలా దక్కుతుందన్నదే కథ. కాబట్టి అటువంటి సినిమా సంగ్రహంలో ఉపాయాన్ని చెప్పాలి: పాండవులు రాజ్యం పోగొట్టుకోగానే బలరాముడి ఇంట్లో మాట మారిపోవడం, దుర్యోధనుడి కొడుకు లక్ష్మణ కుమారుడితో సంబంధం ఖాయం కావడం, ఘటోత్కచుడు శశిరేఖను తన ఆశ్రమానికి చేర్చి తానే ఆమె రూపంలో పెళ్ళింట తిష్ఠ వేయడం. వీటితోపాటు మూలకథకూ సినిమాకూ ఉన్న ఎడం కూడా ఒక వాక్యంలో చెప్పాలి. ఈ పెళ్ళి కథ వ్యాస భారతంలో లేదు, జానపద సంప్రదాయం నుంచి వచ్చింది; పైగా పాండవుల కష్టాల చుట్టూ తిరిగే ఈ సినిమాలో పాండవులు ఒక్కసారి కూడా తెర మీద కనిపించరు. నన్నడిగితే, కథ మొత్తం చెప్పడంకంటే ఆ ఒక్క విషయం చెప్పడమే పాఠకుణ్ణి సినిమా దగ్గరికి తొందరగా చేరుస్తుంది.

హాస్య చిత్రాల సంగ్రహం రాయడం పైకి తేలికగా కనిపిస్తుంది గాని నిజానికి అదే కష్టం, ఎందుకంటే జోకును వివరిస్తే జోకు చచ్చిపోతుంది. హాస్యం పుట్టే పరిస్థితిని మాత్రం చెప్పి వదిలేయాలి. జంధ్యాల ‘అహ నా పెళ్ళంట’ గురించి అయితే, పరమ పిసినారి కూతుర్ని ప్రేమించిన కుర్రవాడు మామగారి మెప్పు పొందడానికి అంతకు మించిన పిసినారి వేషం వేస్తాడన్న ఒక్క వాక్యం చాలు. కోడిని ఎదురుగా వేలాడదీసుకుని దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే కోట శ్రీనివాసరావును ఒక్క ముక్కలో గుర్తు చేయవచ్చు గాని, అంతకు మించి పోకూడదు.

ముగింపులో రహస్యం ఉన్న సినిమాలతో అసలు చిక్కు. 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ విశాఖపట్నంలోని ఒక పేటలో, వేరువేరు వయసుల్లో నడిచే నాలుగు ప్రేమకథలుగా సాగుతుంది. అక్కడితో ఆగాలి. ‘చివర్లో ఊహించని మలుపు ఉంది’ అని రాసినా సగం చెప్పేసినట్టే, ఎందుకంటే అది చదివిన ప్రేక్షకుడు సినిమా మొదలైనప్పటి నుంచీ మలుపు కోసం వెతుకుతూ కూర్చుంటాడు. (ఈ పేరా మొదటి వాక్యంలో ఆ పాపం నేనే మూటగట్టుకున్నాను.) అయితే ప్రతి రహస్యాన్నీ కలకాలం కాపాడనక్కర్లేదు. 2006 నాటి ‘పోకిరి’లో పండు అసలు ఎవరో ఈనాడు తెలుగు నేల మీద తెలియనివారు తక్కువ, ఆ సినిమా తర్వాతి తరం చిత్రాలను ఎలా ప్రభావితం చేసిందో రాయాలంటే అతడు పోలీసు అధికారి అన్న సంగతి చెప్పక తప్పదు. చెప్పబోతున్నామని ముందు ఒక మాట హెచ్చరించి చెప్పడం మర్యాద.

ఇక ఆదరణ. ముందుగా తేదీని సరిచూసుకోండి, ఎందుకంటే ఆదరణ గురించిన తప్పుల్లో చాలా భాగం సంవత్సరంతోనే మొదలవుతాయి. కె.విశ్వనాథ్ ‘శంకరాభరణం’ను కొందరు 1979 నాటి సినిమా అంటారు, కొందరు 1980 అంటారు. జాతీయ పురస్కారాలు సెన్సార్ సర్టిఫికెట్ సంవత్సరాన్ని బట్టి నడుస్తాయి కాబట్టి అది 1979 చిత్రాల జాబితాలో చేరింది, థియేటర్లకు మాత్రం 1980 ఫిబ్రవరి 2న వచ్చింది. ఆ సినిమా ఆదరణను రాసేటప్పుడు క్రమమే ప్రాణం. పేరున్న హీరో లేడు, వయసు మళ్ళిన సంగీత విద్వాంసుడే కథానాయకుడు, ఆ పాత్ర వేసిన జె.వి.సోమయాజులు సినిమా ప్రేక్షకులకు దాదాపు కొత్తవారు; మొదటి ఆటలకు హాళ్ళు పలచగానే ఉన్నాయి; చూసినవారి నోటి మాటతో జనం పెరిగారు; తర్వాత తమిళనాడు, కర్ణాటక, కేరళల్లోనూ ఆడింది; ఆ పైన సంగీతానికీ, గాయకుడు బాలసుబ్రహ్మణ్యానికీ, గాయని వాణీ జయరాంకీ జాతీయ పురస్కారాలు వచ్చాయి. దీన్ని తలకిందులుగా, అవార్డులతో మొదలుపెట్టి రాస్తే, ఆ ఖాళీ హాళ్ళ సంగతి పోయి అదేదో పుట్టుకతోనే కళాఖండం అయినట్టు కనిపిస్తుంది.

డబ్బు లెక్కలు రాసేటప్పుడు గ్రాస్, షేర్ అన్న రెండు మాటలను కలిపేయకండి. టికెట్ల మీద వసూలైన మొత్తం గ్రాస్. అందులోంచి పన్నులు, థియేటర్ల అద్దె లేదా వాటా పోగా, సినిమా హక్కులు కొన్న బయ్యరు చేతికి మిగిలేది షేర్. ఒక ఏరియా హక్కులను 10 కోట్లకు కొన్న బయ్యరుకు అక్కడ 16 కోట్ల గ్రాస్ వచ్చి 9 కోట్ల షేర్ మిగిలిందనుకుంటే, పోస్టర్ మీద పెద్ద అంకె పడుతుంది, బయ్యరు మాత్రం కోటి రూపాయలు నష్టపోతాడు. కాబట్టి ‘ఎంత వసూలు చేసింది’ అన్న ప్రశ్న వెంటనే ‘ఎంతకు అమ్మారు’ అన్న ప్రశ్న కూడా వేయాలి. తొలి రోజుల్లో ఒక వ్యాసంలో నేను ఒక అంకె పక్కన ఏది ఏదో తేల్చకుండా ‘వసూళ్ళు’ అని రాశాను; పాత డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో పనిచేసిన పెద్దాయన ఒకరు ‘బాబూ, అది గ్రాసా, షేరా?’ అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఏరియాల పేర్లూ తెలిసి ఉండాలి: నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర, తూర్పు, పశ్చిమ, కృష్ణా, గుంటూరు, నెల్లూరు. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసిన జిల్లాల పేరు ఇంకా సీడెడ్‌గా మన సినిమా లెక్కల పుస్తకాల్లో బతికి ఉండటం నాకెప్పుడూ వింతగానే అనిపిస్తుంది. ఒకే సినిమా సీడెడ్‌లో లాభాలు తెచ్చి అమెరికాలో చతికిలబడటం, లేదా దానికి పూర్తిగా వ్యతిరేకంగా జరగడం మామూలే కనుక ‘అన్ని చోట్లా’ అన్న మాట వాడేముందు ఆగి ఆలోచించాలి. పాత సినిమాల విషయంలో వంద రోజుల ప్రకటనలు చూసినప్పుడు, అదే థియేటర్లో ఏకధాటిగా ఆడినవెన్ని, షిఫ్టింగ్‌లతో, అంటే ఒక హాలు నుంచి మరో హాలుకు మార్చి ఆడించిన రోజులతో కలిపి లెక్కేసినవెన్ని అని విడదీసి చదవండి. ఆ చిన్న అక్షరాలు ప్రకటన అడుగున ఉంటాయి.

వసూళ్ళకు బయటి కారణాలూ ఉంటాయి. ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ 1990 మే 9న విడుదలైంది. సరిగ్గా అప్పుడే పెను తుపాను కోస్తాను ముంచెత్తింది. మొదటి రోజుల అంకెలను చూసి ఆ సినిమాను అంచనా వేసినవారు వానను అంచనా వేశారు తప్ప సినిమాను కాదు. వాన వెలిశాక చిరంజీవి, శ్రీదేవిల కోసం జనం హాళ్ళకు పోటెత్తారు.

ఏ అంకెలోకీ ఎక్కని ఆదరణ ఇంకొకటి ఉంది, దాన్ని రాయడానికి ఓపిక కావాలి. పింగళి నాగేంద్రరావు ‘మాయాబజార్’ కోసం రాసిన అసమదీయులు, తసమదీయులు అన్న మాటలు నేటికీ రాజకీయ వార్తల శీర్షికల్లో కనిపిస్తాయి. ‘బలగం’ను తెలంగాణ పల్లెల్లో రచ్చబండల దగ్గర తెర కట్టి ఊరందరూ కలిసి చూశారు, అక్కడ టికెట్ లేదు, కాబట్టి గ్రాస్ లేదు, షేర్ లేదు. అటువంటివి కనిపించినప్పుడు ఏ ఊళ్ళో, ఏ నెలలో, ఎవరెవరు కూర్చుని చూశారో రాసుకోండి, ఎందుకంటే తర్వాత ఎవరూ చెప్పరు.

టీవీ, రీరిలీజ్‌లు వచ్చాక ఆదరణకు ముగింపు తేదీ లేకుండా పోయింది. మామూలు టాక్సీ డ్రైవర్‌ను ఒక ఊరు దేవుడని నమ్మడం అనే విచిత్రమైన ఊహతో త్రివిక్రమ్ తీసిన ‘ఖలేజా’ 2010లో థియేటర్లలో నిలబడలేదు; ఆ తర్వాత టీవీలో వేసినప్పుడల్లా కొత్త అభిమానులను సంపాదించుకుని, 2025 మే నెలలో మళ్ళీ విడుదలైనప్పుడు కేరింతల మధ్య ఆడింది. దీన్ని ఫ్లాప్ అని రాస్తే 2025 అబద్ధమవుతుంది, హిట్ అని రాస్తే 2010లో నష్టపోయిన బయ్యర్లు నవ్వుతారు. రెండు వాక్యాలూ రాసి రెండింటికీ తేదీలు వేయడమే మార్గం. నా నోటు పుస్తకంలో ఆ సినిమా పేజీ అడుగున నాలుగు గీతలు ఖాళీగా వదిలిపెట్టాను.