ట్రస్టు లెక్కలు చదువుదాం – 5: నిల్వ ఎన్ని నెలలకి?

రాబడి ఆగిపోతే చేతిలో ఉన్న నిల్వతో ట్రస్టు ఎన్ని నెలలు నడుస్తుంది? పోయిన పాఠంలో ఇచ్చిన ఈ లెక్కకి చాలామంది 41 నెలలని రాశారు, కొందరు 26 అన్నారు. రెండూ కాదు. అందుకని ఈసారి చెబుదామనుకున్న విదేశీ విరాళాల సంగతి వాయిదా వేస్తున్నాను.

మన ఊహా గ్రంథాలయ ట్రస్టుకి నెల ఖర్చు 1.5 లక్షలు, బాకీలు లేవు. బ్యాలెన్స్ షీటులో ఎడమ వైపు, అంటే డబ్బు ఏ పేరున వచ్చిందో చెప్పే వైపు, కార్పస్ 15, స్కాలర్‌షిప్పులకే ఇచ్చిన నిధి 8, ఏ షరతూ లేని జనరల్ ఫండ్ 39. మొత్తం 62 లక్షలు. కుడి వైపు, అంటే అది ఇప్పుడు ఏ రూపంలో ఉందో చెప్పే వైపు, భవనం 30, ఎఫ్‌డీలూ బ్యాంకు నిల్వా 30.5, రిఫండు రావాల్సిన టీడీఎస్ (చెల్లించేవాళ్లు ముందే కోసుకున్న పన్ను) 1.5.

62ని 1.5తో భాగించి 41 అన్నవాళ్లకి ఒక్క మాట: కార్పస్ అంటే దాత కదపొద్దని రాసిచ్చిన సొమ్ము. వడ్డీ వాడుకోవచ్చు, అసలు ముట్టుకోకూడదు.

నా గొడవంతా 39ని భాగించినవాళ్లతో. ఫండ్ అని పేరుంటే డబ్బున్నట్టేనా? ఆ భవనం కొన్న రోజున ఏం జరిగిందో ఊహించండి. బ్యాంకులో 30 లక్షలు తగ్గాయి. జనరల్ ఫండ్? పైసా తగ్గలేదు. ఖర్చయింది ఆస్తిగా మారిందంతే. అంటే ఆ 39లో 30 లక్షలు ఇటుకలు, సిమెంటు. ఒకటో తారీఖున లైబ్రేరియన్‌కి జీతం బదులు కిటికీ ఊడదీసి ఇవ్వలేం కదా! మిగిలిన 9లోనూ టీడీఎస్ ఉంది. రిఫండు చేతికొచ్చేదాకా దాన్ని నేను లెక్కలోకి తీసుకోను. కొందరు ఆడిటర్లు ఒప్పుకోరు, సరే.

అసలు నేను ఎడమ వైపు నుంచి మొదలుపెట్టను. 30.5 దగ్గర మొదలెట్టి 15, 8 తీసేస్తాను. 7.5 మిగులుతుంది. అయిదు నెలలు.

‘పన్ను మినహాయింపు కావాలంటే ట్రస్టు ఆదాయంలో 85 శాతం ఖర్చు పెట్టాలిగా, నిల్వెలా పెరుగుతుంది?’ అని ఇంకో ప్రశ్న. 2024-25 లెక్కలకి వర్తించే 1961 ఆదాయపు పన్ను చట్టం 11వ సెక్షన్ ప్రకారం 15 శాతం కారణం చెప్పకుండా ఉంచుకోవచ్చు. అంతకు మించితే దేనికోసమో రాసి పన్ను శాఖకి ఫారం 10 ఇవ్వాలి, ఆ సొమ్ము ఖర్చు పెట్టడానికి గడువు అయిదేళ్లు. 20 లక్షల ఆదాయంలో 15 శాతం 3 లక్షలు, అంటే ఏటా రెండు నెలల నిల్వ. భవనానికి పెట్టింది కూడా ఆ 85లోకే వస్తుంది. అందుకే చట్టం దృష్టిలో బ్రహ్మాండంగా ఖర్చు పెట్టిన ట్రస్టు జీతాలకి తడుముకుంటుంది.

అభ్యాసం: మీకు తెలిసిన ఏదైనా ట్రస్టు అయిదేళ్ల ఆడిట్ లెక్కలు సంపాదించండి. ఏడాదికొక వరుస చొప్పున నెలలు కట్టండి. నిల్వ తగ్గిన ఏడాదిలో స్థిరాస్తుల షెడ్యూల్లో ఏం చేరిందో పక్కన రాయండి. టీడీఎస్ విడిగా చూపకపోతే దిద్దను.