గేమ్ తడబడుతోందా? రైజెన్ అయినా కోర్ అయినా, ప్రాసెసర్ మార్చేముందు ఇవి చూడండి

గేమ్ ఆగి ఆగి నడిస్తే చాలామంది ముందు ప్రాసెసర్‌నే అనుమానిస్తారు. ఇంటెల్ కోర్ ఉన్నవాళ్లు ఏఎండీ వైపు చూస్తారు, ఏఎండీ రైజెన్ ఉన్నవాళ్లు ఇంటెల్ వైపు. కంపెనీ మారాలంటే మదర్‌బోర్డ్ కూడా మార్చాలి. డీడీఆర్4 ర్యామ్ మీద ఉంటే చాలాసార్లు అదీ మారుతుంది. అంత డబ్బు పెట్టేముందు లక్షణం ఏమిటో సరిగ్గా పట్టుకోవాలి. ఇద్దరి చిప్‌లలోనూ ఎవరి ఇబ్బందులు వారికి ఉన్నాయి. చాలావరకు బయాస్‌లోనే (పీసీ ఆన్ అవగానే నడిచే మదర్‌బోర్డ్ సాఫ్ట్‌వేర్) సర్దుకుంటాయి. ఒక్కటి మాత్రం సర్దుకోదు, దాన్ని కింద వివరంగా చెప్తాను.

ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేమ్‌లు) మొదటి నుంచీ తక్కువే వస్తోంది

వీసింక్ (ఎఫ్‌పీఎస్‌ను తెర వేగానికి కట్టేసే సెట్టింగ్) గానీ, ఎఫ్‌పీఎస్ లిమిట్ గానీ ఆన్‌లో ఉన్నాయేమో ముందు చూడండి. తర్వాత ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్ పెట్టుకుని, గేమ్ నడుస్తుండగా గ్రాఫిక్స్ కార్డ్ వాడకం ఎంత ఉందో గమనించండి. 95 శాతం దాటి ఉంటే ప్రాసెసర్ తన పని తాను చేస్తోందని అర్థం. అప్పుడు ఎంత ఖరీదైన చిప్ పెట్టినా తేడా రాదు. 4కేలో ఆడేవాళ్లలో ఎక్కువమంది పరిస్థితి ఇదే.

ఇంకా అనుమానంగా ఉంటే రిజల్యూషన్ 1440పీ నుంచి 1080పీకి దించండి. ఎఫ్‌పీఎస్ బాగా పెరిగితే ఇబ్బంది కార్డ్‌ది. అంగుళం కదలకపోతే ప్రాసెసర్‌ది, లేదా ర్యామ్‌ది. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వాడకం 30 శాతమే ఉందని ధీమాగా ఉండొద్దు. 16 థ్రెడ్ల (ఒకేసారి నడిపే పనుల వరుసలు) చిప్‌లో ఒక్క థ్రెడ్ నిండిపోయి గేమ్ మొత్తం దాని కోసం ఎదురుచూస్తున్నా, మొత్తం లెక్క అంతే కనిపిస్తుంది.

సగటు బాగానే ఉంది, మధ్యమధ్యలో కుదుపులు

నా దృష్టిలో ముందు చూడాల్సింది ర్యామ్. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి మెమరీ మీద నొక్కితే స్పీడ్, ఎన్ని స్లాట్లు వాడుతున్నారు అన్నవి కనిపిస్తాయి. డబ్బా మీద 6000 అని ఉండి అక్కడ 4800 చూపిస్తుంటే బయాస్‌లో ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపే ప్రొఫైల్ ఆన్ చేయలేదన్నమాట. ఏఎండీ బోర్డ్‌లలో ఎక్స్‌పో, ఇంటెల్ బోర్డ్‌లలో ఎక్స్‌ఎంపీ అనే పేరుతో ఉంటుంది. ఒకే 16 జీబీ స్టిక్ ఉంటే రెండోది వేయండి, వీలైతే రెండు స్టిక్కులు జతగా వచ్చే కిట్ కొనండి. నాలుగు స్లాట్లున్న బోర్డ్‌లో మామూలుగా ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లు వాడాలి. డీడీఆర్5లో నాలుగు స్టిక్కులూ నింపితే వేగం పడిపోతుంది, రెండుతోనే ఆపండి.

ఏఎం4 (ఏఎండీ పాత సాకెట్) బోర్డ్ మీద విండోస్ 11 వాడుతూ, ఉండుండి క్షణం పాటు బొమ్మ, శబ్దం రెండూ చిక్కుకుంటుంటే అది ఎఫ్‌టీపీఎం (విండోస్ 11 అడిగే భద్రతా ఏర్పాటు) సమస్య కావచ్చు. ఏఎండీయే 2022 మార్చిలో ఒప్పుకుంది. అజీసా (బయాస్‌లో ఏఎండీ ఇచ్చే భాగం) 1.2.0.7 ఉన్న బయాస్ గానీ, ఆ తర్వాతిది గానీ వేస్తే పోతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా కుదుపులు తగ్గకపోతే కారణం క్యాష్, అంటే ప్రాసెసర్‌లోనే ఉండే వేగవంతమైన చిన్న మెమరీ కావచ్చు. రెండు కంపెనీల మధ్య గేమింగ్‌లో అసలు తేడా ఇక్కడే. ప్రాసెసర్‌కు కావాల్సిన డేటా ఎల్3 క్యాష్‌లో లేకపోతే ర్యామ్ దాకా వెళ్లి తెచ్చుకోవాలి, ఆ ఎదురుచూపే మనకు కుదుపుగా తెలుస్తుంది. 8 కోర్ల రైజెన్ 7 7800ఎక్స్3డీలో ఎల్3 క్యాష్ 96 ఎంబీ. 24 కోర్ల కోర్ ఐ9-14900కేలో 36 ఎంబీ. అందుకే కోర్లు మూడో వంతే ఉన్నా, సిమ్యులేటర్లు, స్ట్రాటజీ గేమ్‌లు, జనం కిక్కిరిసిన ఆన్‌లైన్ గేమ్‌లలో మొదటిది ముందుంటుంది. వీడియో ఎడిటింగ్, రెండరింగ్ కూడా చేసేవాళ్లకు ఆ 24 కోర్లు నిజంగా పనికొస్తాయి, అది వేరే లెక్క.

పేర్లు చూసి మోసపోవద్దు. రైజెన్ 5 5500, 5600 పక్కపక్క మోడళ్లలా కనిపిస్తాయి. కానీ 5500లో ఎల్3 16 ఎంబీ, పీసీఐఈ (గ్రాఫిక్స్ కార్డ్‌ను కలిపే దారి) 3.0. 5600లో 32 ఎంబీ, పీసీఐఈ 4.0.

ఇంటెల్ 13, 14వ తరం: గేమ్ మొదలవుతూనే క్రాష్

షేడర్లు (బొమ్మను గీసే చిన్న ప్రోగ్రామ్‌లు) కంపైల్ అవుతుండగా గేమ్ మూసుకుపోతుంది. వీడియో మెమరీ చాలడం లేదని మెసేజ్ వస్తుంది, చూస్తే కార్డ్‌లో మెమరీ సగం కూడా నిండి ఉండదు. అన్‌రియల్ ఇంజిన్ గేమ్‌లలో ఇది ఎక్కువ. జిప్ ఫైళ్లు విప్పేటప్పుడు, గ్రాఫిక్స్ డ్రైవర్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కూడా ఎర్రర్లు రావచ్చు. ఆ మెసేజ్ నమ్మి మంచి గ్రాఫిక్స్ కార్డ్‌ను మార్చేవాళ్లను తలుచుకుంటే బాధేస్తుంది, ఎందుకంటే తప్పు కార్డ్‌ది కాదు.

ఈ చిప్‌లు అవసరానికి మించి వోల్టేజ్ అడుగుతూ వచ్చాయి. ఆ వోల్టేజ్‌కీ వేడికీ కోర్ లోపలి క్లాక్ సర్క్యూట్ అరిగిపోయి, ఒకప్పుడు సరిపోయిన వోల్టేజ్‌తో ఇప్పుడు నిలకడగా పనిచేయలేకపోతుంది. 2024 ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబర్‌లో 0ఎక్స్12బీ మైక్రోకోడ్‌లను (బయాస్‌తో పాటు వచ్చే చిప్ సవరణలు) ఇంటెల్ ఇచ్చింది. 12వ తరానికి ఈ గొడవ లేదు.

చిప్ ఇంకా బాగానే ఉంటే ఇవాళే బోర్డ్ కంపెనీ సైట్ నుంచి కొత్త బయాస్ వేసి, ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్ ఎంచుకోండి. క్రాష్‌లు ఇప్పటికే వస్తుంటే ఒక పరీక్ష ఉంది: బయాస్‌లో పెర్ఫార్మెన్స్ కోర్ల రేషియోను (వాటి వేగాన్ని నిర్ణయించే అంకె) 55 నుంచి 53కు, ఇంకా కావాలంటే 52కు దించి చూడండి. దాంతో క్రాష్‌లు ఆగిపోతే అనుమానం చిప్ మీదే. అరిగిన చిప్‌ను ఏ అప్‌డేటూ బాగుచేయదు, అలా దించి నెట్టుకురావడం పరిష్కారం కాదు, వారంటీలో మార్పించుకోవాల్సిందే. బాక్స్‌లో అమ్మిన వాటికి వారంటీని ఇంటెల్ మరో రెండేళ్లు పెంచి మొత్తం 5 ఏళ్లు చేసింది. ట్రే చిప్ (బాక్స్ లేకుండా అమ్మేది) అయితే అమ్మినవాళ్లనే అడగాలి. కాబట్టి సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా బిల్లు, బాక్స్ రెండూ దాచుకోండి.

7950ఎక్స్3డీ ఉంది, అయినా 7800ఎక్స్3డీ కంటే వెనకబడుతోంది

ఇందులోని 16 కోర్లు రెండు ముక్కల్లో ఉంటాయి. పెద్ద క్యాష్ ఒక ముక్క మీదే ఉంది. గేమ్ రెండో ముక్క మీదకు వెళ్తే ఆ క్యాష్ ఉన్నా లేనట్టే. కొత్త చిప్‌సెట్ డ్రైవర్ వేసి, ఎక్స్‌బాక్స్ గేమ్ బార్‌ను అప్‌డేట్ చేసి, పవర్ ప్లాన్ బ్యాలెన్స్‌డ్‌లో పెట్టండి. హై పర్ఫార్మెన్స్‌లో పెడితే రెండో ముక్క కోర్లను పక్కన పెట్టే కోర్ పార్కింగ్ పనిచేయదు. గేమ్ నడుస్తుండగా రిసోర్స్ మానిటర్‌లో సీపీయూ ట్యాబ్ చూడండి, సగం కోర్ల పక్కన పార్క్‌డ్ అని కనిపిస్తే అంతా సవ్యంగా ఉన్నట్టే.

కొత్త ఏఎం5 (ఏఎండీ కొత్త సాకెట్) పీసీ ఆన్ చేస్తే తెర నల్లగానే ఉంది

బోర్డ్ మీద డీర్యామ్ లైట్ వెలుగుతోందా? అది మెమరీ ట్రైనింగ్, అంటే బోర్డ్ ర్యామ్‌కు తగిన సెట్టింగ్స్ వెతుక్కోవడం. మొదటిసారి కొన్ని నిమిషాలు పడుతుంది, మధ్యలో స్విచ్ ఆపకండి. ప్రతిసారీ అంతే ఆలస్యమైతే బయాస్‌లో మెమరీ కాంటెక్స్ట్ రిస్టోర్ ఆన్ చేయండి. లైట్ ఏదీ లేకపోతే కేబుల్ ఎక్కడ పెట్టారో చూసుకోండి: పేరు చివర ఎఫ్ ఉన్న చిప్‌లలో గ్రాఫిక్స్ ఉండదు, బోర్డ్‌కు కాదు, కార్డ్‌కే కేబుల్ తగిలించాలి.

నిజంగానే ప్రాసెసర్ మార్చాల్సి వస్తే

ఏఎం4 బోర్డ్ ఉన్నవాళ్లు దాన్ని పారేయనక్కర్లేదు. 5700ఎక్స్3డీ గానీ 5800ఎక్స్3డీ గానీ దొరికితే, ముందు పాత చిప్‌తోనే బయాస్ అప్‌డేట్ చేసి తర్వాత మార్చండి. రెండింటిలోనూ 96 ఎంబీ క్యాష్ ఉంది, పాత ర్యామ్ కూడా పనికొస్తుంది. ఇంటెల్ 12 నుంచి 14వ తరం వాడే ఎల్‌జీఏ1700 బోర్డ్ 14వ తరంతో ఆగిపోయింది, కోర్ అల్ట్రా 200 వరుస అందులో కూర్చోదు. పైగా 2024 అక్టోబర్‌లో వచ్చిన కోర్ అల్ట్రా 9 285కే చాలా గేమ్‌లలో 14900కే కంటే వెనకే ఉంది. అందుకే గేమ్‌ల కోసమే కొత్తగా కట్టేవాళ్లకు నేను ఏఎం5 మీద ఎక్స్3డీ (పెద్ద క్యాష్ ఉన్న) చిప్‌నే చెప్తాను. 7800ఎక్స్3డీ చాలు, బడ్జెట్ ఉంటే 9800ఎక్స్3డీ. బోర్డ్ కొనేటప్పుడు బయాస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్నదే తీసుకోండి. బోర్డ్‌లో పాత బయాస్ ఉండి కొత్త చిప్‌ను గుర్తించకపోయినా, ఒక పెన్‌డ్రైవ్‌తో ఇంట్లోనే అప్‌డేట్ చేసుకోవచ్చు.