బొమ్మ ఆగితే డిష్‌ను తిట్టకండి: పక్కవాళ్ల కార్డు మీద నడిచే టీవీల కష్టాలు

తిరుపతిలో లీలామహల్ సర్కిల్ దగ్గర చిన్న షాపు మాది. రీచార్జులు, డిష్ బిగింపు, సెట్‌టాప్ బాక్స్ రిపేర్లు చేస్తాం. ఐపీఎల్ మొదలైందంటే ఫోన్ ఆగదు. "అన్నా, బొమ్మ ఆగిపోతా ఉంది, రొంత వచ్చి డిష్ చూసిపో" అంటారు. మేడెక్కి చూస్తే డిష్ బాగానే ఉంటుంది, దాని ముందు సిగ్నల్ పట్టుకునే ఎల్ఎన్‌బీ కూడా బాగానే ఉంటుంది. తేడా అంతా కింద, టీవీ వెనకాల ఉంటుంది. పే ఛానెళ్లు తెరిచే కార్డు బాక్సులో ఉండాలి, అందులో ఉండదు, ఇంకెవరింట్లోనో ఉంటుంది. నేను వకీలును కాను. ఈ రిపేర్ల పుణ్యాన చట్టంలో నాలుగు సెక్షన్లు మాత్రం నేర్చుకోవాల్సి వచ్చింది.

సమస్య 1: పది సెకన్లకోసారి బొమ్మ ఆగుతోంది, వైఫై తీస్తే పూర్తిగా పోతోంది

ముందు రిమోట్‌లో సిగ్నల్ క్వాలిటీ చూడండి. వాన పడేటప్పుడు క్వాలిటీ పడిపోయి, బొమ్మ గళ్లు గళ్లుగా చెదిరితే అది డిష్ గొడవే. క్వాలిటీ నిండుగా ఉండి, బొమ్మ చెదరకుండా ఫొటోలా నిలబడిపోయి, కాసేపటికి మళ్లీ కదిలితే అనుమానించాల్సింది డిష్‌ను కాదు. డిష్ కనెక్షన్‌లో టీవీ చూడడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. వైఫై ఆపగానే ఛానెల్ పోయిందంటే మీ బాక్స్ ఇంకెక్కడి నుంచో తాళం తెచ్చుకుంటోందని అర్థం.

పే ఛానెల్ ఆకాశం నుంచి వచ్చేటప్పుడే తాళం వేసి వస్తుంది. ఆ తాళంచెవి సాధారణంగా పది సెకన్లకోసారి మారిపోతుంటుంది. డబ్బు కట్టినవాళ్ల వ్యూయింగ్ కార్డు ఆ కొత్త తాళంచెవిని ఎప్పటికప్పుడు విప్పి బాక్సుకు ఇస్తుంది. శ్రీనివాసం దగ్గర ఇచ్చే దర్శనం టోకెన్ లాంటిదనుకోండి. ఎవరి టోకెన్ వాళ్లదే, దానికో టైము. కార్డు షేరింగ్ అంటే ఒక్కడు టోకెన్ తీసుకుని, దాని మీది నంబరును ఫోన్‌లో యాభై మందికి చదివి వినిపించడం. చదివేవాడి నెట్ కాస్త నెమ్మదిస్తే యాభై ఇళ్లలోనూ బొమ్మ ఆగుతుంది. మీరు డిష్ ఎన్నిసార్లు తిప్పినా లాభం ఉండదు.

ఇలాంటి బాక్స్ ఒకటి ఈ మధ్య చంద్రగిరి వైపు ఒక ఇంట్లో చూశాను. కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన అబ్బాయి తెచ్చాడు. వెనక లాన్ వైరు, పక్కన చిన్న యాంటెన్నా. లోపల కార్డు లేదు, స్లాట్ మీద అంటించిన ప్లాస్టిక్ కాగితం కూడా ఊడలేదు. నెట్‌లో తాళంచెవులు పంపే "లైను" కోసం ఎవరికో ఏడాదికింత అని యూపీఐలో పంపుతున్నారు. ఆ లైను సరిగ్గా రావడం లేదని నన్ను పిలిచారు!

దీన్ని సరిచేయడమంటే ఇంకాస్త స్పీడు లైను వెతకడం కాదు. ఇది కాపీరైట్ చట్టం, 1957 కిందికి వస్తుంది. 37వ సెక్షన్ ప్రసార సంస్థకు తన ప్రసారం మీద ప్రత్యేక హక్కు ఇచ్చింది. ఆ హక్కును తెలిసి తెలిసీ ఉల్లంఘించినా, అందుకు తోడ్పడినా 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా పడొచ్చు. 2012 సవరణతో వచ్చిన 65ఏ ఇంకొకటి. ఉల్లంఘన కోసం రక్షణ తాళాన్ని తప్పించినవారికి రెండేళ్ల దాకా జైలు, జరిమానా. 63వ సెక్షన్ నేరానికి పోలీసులు నేరుగా కేసు కట్టవచ్చనీ, బెయిలు హక్కుగా రాదనీ 2022 మే 20న నిట్ ప్రో కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

అందరికీ ఒకే రిస్కు ఉండదు. సోఫాలో కూర్చుని సీరియల్ చూసే అవ్వ కోసం పోలీసులు వస్తారని నేను భయపెట్టను. అందరికన్నా ముందు ఇరుక్కునేది లైను అమ్మేవాడు. ఆ తర్వాత కార్డు ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషి. "బావమరిది అడిగాడు కదా అని కార్డు ఇచ్చాను" అనేవాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు. కంపెనీ రికార్డులో ఉండేది బావమరిది పేరు కాదు, మీ పేరు. మీ కార్డు ఇంకొకరి దగ్గర ఉంటే ఈరోజే వెనక్కి తీసుకోండి. ఇవ్వనంటే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఆపించండి, ఆ కంప్లయింట్ నంబరు రాసి పెట్టుకోండి.

సమస్య 2: పై పోర్షన్‌లో సీరియల్ పెడితే కింద క్రికెట్ మారిపోతోంది

కొర్లగుంట, బైరాగిపట్టెడ వైపు పోర్షన్ల ఇళ్లలో ఇది మామూలే. ఒకే బాక్స్ నుంచి స్ప్లిటర్‌తో మూడు ఇళ్లకు వైరు లాగుతారు. రిమోట్ ఎవరి చేతిలో ఉంటే అందరికీ అదే ఛానెల్. ఒక ఇంటాయన నాతో వాదానికి దిగాడు. "ఏమప్పా, నా మేడ, నా డిష్, నా వైరు. ఇందులో దొంగతనమేముంది?"

"డిష్ మీదే సార్. దాంట్లో వచ్చే ఛానెల్‌ను మీ ఇంటి వరకే ఇచ్చారు" అన్నాను.

ఆయన అద్దెలో టీవీకని నెలకు 150 కలుపుతున్నాడు. అసలు చిక్కు అక్కడుంది. డబ్బు తీసుకోకపోతే కంపెనీ షరతు తప్పినట్టు, కనెక్షన్ కట్ చేస్తారు. డబ్బు తీసుకుని వరసగా ఇళ్లకు వైరు లాగితే, రిజిస్ట్రేషన్ లేని కేబుల్ ఆపరేటర్ పని చేసినట్టే. కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ చట్టం, 1995లోని 3వ సెక్షన్ అది కుదరదంటుంది. సామాను పట్టుకుపోయే అధికారం 11వ సెక్షన్‌లో ఉంది.

స్ప్లిటర్ తీసేసి ఎవరి బాక్స్ వాళ్లు పెట్టుకోవడమే దారి. మీ ఇంట్లోనే రెండో గదిలో టీవీ ఉంటే వేరే సంగతి. అదే పేరు మీద, అదే అడ్రసులో రెండో కనెక్షన్ తక్కువకే ఇస్తారు. చాలామంది అడగరు, అంతే.

సమస్య 3: మ్యాచ్ మధ్యలో తెర మీద ఏదో నంబరు తేలుతోంది

దాన్ని ఫింగర్‌ప్రింట్ అంటారు. అది కార్డు లేదా బాక్స్ నంబరు. ఎక్కడైనా దొంగ ప్రసారం కనబడితే, తెర మీది ఆ నంబరు చూసి అది ఎవరి కనెక్షన్ నుంచి బయటికి పోతోందో పట్టేస్తారు. మీ ఇంట్లో, మీ బాక్స్ నంబరే కనిపిస్తే కంగారక్కర్లేదు, కాసేపట్లో పోతుంది. కనిపించేది మీ నంబరు కాకపోతే మీకు వచ్చేది మీ సిగ్నల్ కాదు. ఒక టీ హోటల్లో టీవీ మూలన నల్ల టేపు అంటించి ఉండడం చూశాను. నంబరు ఈసారి మధ్యలో వచ్చింది, పాపం.

టీ హోటళ్లు, స్టేషన్ ఎదుటి లాడ్జీలు ఇంకో పొరపాటు చేస్తాయి. ఇంటి ప్లాన్ తెచ్చి వ్యాపారంలో పెడతాయి. డబ్బు తీసుకుని ప్రసారాన్ని పదిమందికి చూపించడమూ 37వ సెక్షన్‌లో ఉంది. కంపెనీకి ఇది లాడ్జి అని చెప్పి కమర్షియల్ కనెక్షన్ అడగండి. యాత్రికులకు స్వామివారి కల్యాణం చూపిస్తే చాలనుకుంటే ఎస్వీబీసీ యూట్యూబ్‌లో లైవ్ వస్తుంది.

సమస్య 4: టెలిగ్రామ్‌లో కొన్న యాప్‌లో ఛానెల్స్ ఒక్కసారిగా మాయమయ్యాయి

ఏడాదికి 500 కడితే ప్రపంచంలోని ఛానెళ్లన్నీ అనే బాపతు. ఢిల్లీ హైకోర్టు 2019లో ఒక తీర్పుతో, దొంగ సైటు పేరు మార్చి మళ్లీ వస్తే దాన్నీ పాత ఉత్తర్వులోనే చేర్చి ఆపే వీలు కల్పించింది. అందుకే పెద్ద మ్యాచ్‌ల రోజుల్లోనే ఇవి టపటపా పడిపోతుంటాయి. ఆ 500 తిరిగి రావు, వదిలేయండి. యాప్ తీసేసి, దానికిచ్చిన పర్మిషన్లు చూసుకుని, ఆ ఫోన్‌లోని బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చండి.

సొంత ఓటీటీ పాస్‌వర్డ్ తమ్ముడికి చెప్పడం దీనంత పెద్దది కాదు. కంపెనీ షరతుల గొడవ అది. కానీ ఎవరిదో పాస్‌వర్డ్ కొట్టేసి వాడితే ఐటీ చట్టం 66సీ ఉంది. మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా.

సమస్య 5: "మీ మీద పైరసీ కేసు పెట్టాం, వెంటనే 5 వేలు కట్టండి" అని ఫోన్

కట్టకండి. ఫోన్‌లో యూపీఐతో కేసులు మాఫీ కావు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి చెప్పండి. రాతపూర్వకంగా నోటీసు వస్తే మాత్రం పక్కన పడేయొద్దు. వచ్చిన తేదీ కవరు మీదే రాసి, వకీలుకు చూపించండి. ఫీజు కట్టలేనివారు న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కు చేయొచ్చు. నోటీసు వచ్చాక బాక్స్ పారేయడం, చాట్లు చెరిపేయడం చేయకండి. సాక్ష్యం మాయం చేశాడనే ఇంకో తలనొప్పి వస్తుంది.

నోటీసూ లేదు, కేసూ లేదు, ఆ బాక్స్‌ను ఇప్పుడేం చేయాలి? చంద్రగిరి అబ్బాయి కూడా ఇదే అడిగాడు. లాన్ వైరు పీకేశాం, లైను వివరాలు తీసేశాం. డిష్‌ను 93.5 డిగ్రీల దగ్గరున్న జీశాట్-15 ఉపగ్రహం వైపు తిప్పాం. డీడీ ఫ్రీ డిష్ ఛానెళ్లు వచ్చాయి, నెలనెలా కట్టేదేమీ లేదు. వాళ్ల నాయన సప్తగిరి ఛానెల్ దగ్గర ఆపి, రిమోట్ పక్కన పెట్టుకుని, "మ్యాచ్ సంగతి మీరు మీరు చూసుకోండి" అన్నాడు.