ఎలక్ట్రిక్ గిటార్‌కు ఫజ్ పెడల్: ఎంచుకోవడం ఎలా, వాడడం ఎలా?

ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవారు కొనే పెడళ్లలో (గిటార్‌కూ, శబ్దాన్ని పెంచే యాంప్‌కూ మధ్య కలిపి, కాలితో నొక్కి ధ్వనిని మార్చే పెట్టెలు) ధ్వనిని చీల్చే ఫజ్ మీద ఉన్నన్ని భిన్నాభిప్రాయాలు మరి దేని మీదా ఉండవు. ఒకరి చేతిలో స్వరం తెగకుండా సాగదీసినట్టు పాడిన పెడల్, మరొకరి ఇంట్లో కందిరీగల తుట్టెను కదిపినట్టు మోగుతుంది. పెడల్‌లో లోపం ఉండి ఇలా జరగడం అరుదు. ఫజ్ తనంతట తానుగా పనిచేసే పరికరం కాదు. గిటార్‌లోని పికప్ (తీగ కంపనాన్ని విద్యుత్ తరంగంగా మార్చే భాగం), ఫజ్‌కు ముందు కలిపిన పెడల్, వెనక ఉన్న యాంప్, చివరికి ఆ రోజు గదిలోని వేడి కూడా దాని ధ్వనిని మార్చేస్తాయి. అందుకే ఫజ్ కొనదలచినవారు ఏ బ్రాండ్ మంచిదో ఆరా తీసే ముందు తమ దగ్గర ఇప్పటికే ఏమున్నదో చూసుకోవాలి.

ఫజ్ లోపల జరిగేది ఏమిటి?

గిటార్ నుంచి వచ్చే విద్యుత్ తరంగాన్ని ట్రాన్సిస్టర్లు ఎన్నో రెట్లు పెంచుతాయి. బ్యాటరీ ఇచ్చే 9 వోల్టుల హద్దును దాటి తరంగం పెరగలేదు కనుక దాని శిఖరాలు తెగిపోయి, గుండ్రంగా ఉండవలసిన తరంగం దాదాపు చతురస్రాకారానికి వస్తుంది. ఓవర్‌డ్రైవ్ పెడల్ ఈ శిఖరాలను మెల్లగా నొక్కితే, ఫజ్ నిర్దాక్షిణ్యంగా నరికేస్తుంది. తీగ కంపనం తగ్గుతున్నా తరంగం ఇంకా హద్దును తాకుతూనే ఉండడం వల్ల శబ్దం ఒకే స్థాయిలో చాలాసేపు నిలుస్తుంది. ఫజ్‌కు పేరు తెచ్చిన దీర్ఘనాదానికి కారణం ఇదే.

ఈ ధ్వని అనుకోకుండా పుట్టింది. 1961లో విడుదలైన మార్టీ రాబిన్స్ పాట ‘డోంట్ వర్రీ’ని నాష్‌విల్‌లో రికార్డు చేస్తున్నప్పుడు, గ్రేడీ మార్టిన్ వాయించిన బాస్ గిటార్ ధ్వని మిక్సింగ్ కన్సోల్‌లోని ఒక భాగం చెడిపోవడంతో బొంగురుగా చీలిపోయింది. ఇంజనీర్ గ్లెన్ స్నాడీ ఆ చీలికను ట్రాన్సిస్టర్లతో తిరిగి పుట్టించే సర్క్యూట్‌ను తయారుచేయించగా, గిబ్సన్ సంస్థ దాన్ని 1962లో మేస్ట్రో ఫజ్-టోన్ పేరుతో అమ్మకానికి పెట్టింది. గిటార్‌ను బాకాల్లా మోగించే పరికరంగా దాన్ని ప్రచారం చేసినా కొన్నవారు తక్కువే. 1965లో రోలింగ్ స్టోన్స్ ‘శాటిస్‌ఫ్యాక్షన్’ పాటలో కీత్ రిచర్డ్స్ దాన్ని వాడిన తరువాతే గిరాకీ పుట్టింది.

మొదటి అంచె: మీ యాంప్‌ను, పికప్‌లను గమనించండి

కొద్దిగా పెంచగానే ధ్వని చీలడం మొదలయ్యే ట్యూబ్ యాంప్ (వాక్యూమ్ ట్యూబులతో నడిచేది) మీ దగ్గర ఉంటే మీరు అదృష్టవంతులు. ఫజ్‌లోని కీచుదనాన్ని అలాంటి యాంప్ చాలావరకు మింగేస్తుంది. మన దగ్గర నేర్చుకునేవారిలో చాలామంది ఇళ్లలో ఉండేది ట్రాన్సిస్టర్లతో నడిచే చిన్న సాలిడ్-స్టేట్ ప్రాక్టీస్ యాంప్. పూర్తిగా శుభ్రమైన (ధ్వనిని ఏమాత్రం చీల్చని) అటువంటి యాంప్‌లో 1960ల నాటి తరహా ఫజ్ గరగరలాడుతుంది కనుక, టోన్ నాబ్ (ధ్వని పదును సరిచేసే తిప్పుడు గుండీ) ఉన్న పెడల్‌ను ఎంచుకోవడం మేలు.

అపార్ట్‌మెంట్‌లో హెడ్‌ఫోన్లతోనే సాధన చేసేవారు మరొక విషయం గమనించాలి. గిటార్ స్పీకర్ దాదాపు 5 వేల హెర్ట్జ్‌కు పైనున్న ధ్వనిని బాగా తగ్గించేస్తుంది. గిటార్‌ను కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకి ఫజ్‌ను నేరుగా కలిపితే ఆ వడపోత ఉండదు కనుక చెవులు గింగిరుమంటాయి. స్పీకర్ క్యాబినెట్‌ను అనుకరించే సాఫ్ట్‌వేర్ గాని, అటువంటి పెడల్ గాని తప్పనిసరిగా మధ్యలో ఉండాలి. అది లేకుండా విని ఏ ఫజ్‌నూ కొట్టిపారేయకండి.

ఇక పికప్‌ల సంగతి. ఒకే తీగచుట్ట ఉన్న సింగిల్ కాయిల్ పికప్‌లు ఫజ్‌తో చక్కగా పలుకుతాయి గాని, మన ఇళ్ల 50 హెర్ట్జ్ కరెంటు రొద కూడా వాటితోపాటు ఎన్నో రెట్లు పెరిగి వినిపిస్తుంది. రెండు చుట్టలున్న హంబకర్లలో ఆ రొద తక్కువ. బ్యాటరీతో నడిచే యాక్టివ్ పికప్‌లు ఉన్నవారు మాత్రం ఫజ్ ఫేస్ తరహా పెడల్ (రెండో అంచెలో వస్తుంది) కొనే ముందు తప్పక ఒకసారి వాయించి చూడాలి. దానికి కారణం నాలుగో అంచెలో తెలుస్తుంది.

రెండో అంచె: ఏ కుటుంబపు ఫజ్ కావాలో తేల్చుకోండి

మార్కెట్‌లో వందల పేర్లు కనిపించినా చాలా పెడళ్లు కొన్ని మూల సర్క్యూట్ల నుంచి వచ్చినవే. లండన్‌లో ఆర్బిటర్ సంస్థ 1966లో తెచ్చిన ఫజ్ ఫేస్ వాటిలో అతి సరళమైనది. రెండు ట్రాన్సిస్టర్లు, చేతివేళ్లతో లెక్కపెట్టగలిగినన్ని ఇతర విడిభాగాలు, వాల్యూమ్, ఫజ్ అనే రెండే నాబ్‌లు. జిమి హెండ్రిక్స్ చేతిలో ప్రసిద్ధమైన ఈ పెడల్ వేళ్ల ఒత్తిడికి, గిటార్ వాల్యూమ్‌కు వెంటనే స్పందిస్తుంది. తీగ మీటే తీరు మీద ఎంత అదుపు ఉంటే అంతగా పలుకుతుంది కనుక, ఓపిక ఉన్నవారికి నేను మొదట సిఫారసు చేసేది ఇదే. 1965 నాటి టోన్ బెండర్, ఆ తరువాత వచ్చిన దాని రూపాలు దీనికి దగ్గరి బంధువులే అయినా ధ్వనిలో మరింత పదును ఉంటుంది.

న్యూయార్క్‌లోని ఎలక్ట్రో-హార్మోనిక్స్ సంస్థ రూపొందించిన బిగ్ మఫ్ పై దారి వేరు. నాలుగు ట్రాన్సిస్టర్లు అంచెలంచెలుగా ధ్వనిని పెంచి నరుకుతాయి. సస్టెయిన్, టోన్, వాల్యూమ్ నాబ్‌లుంటాయి. ధ్వని గోడలా మందంగా, దీర్ఘంగా వస్తుంది. పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మర్ దీన్ని విరివిగా వాడారు. దీనితో ఉన్న చిక్కల్లా టోన్ సర్క్యూట్ మధ్యస్థాయి ధ్వనులను తగ్గించివేయడమే. ఒంటరిగా వాయించినప్పుడు గంభీరంగా ఉన్న గిటార్, డ్రమ్స్, బాస్ మొదలవగానే వాటి మధ్య మాయమవుతుంది. యాంప్‌లో మిడ్ నాబ్ పెంచినా, ఫజ్ తరువాత మధ్యస్థాయిని పెంచే ఓవర్‌డ్రైవ్‌ను కలిపినా ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

మూడో రకం ఆక్టేవ్ ఫజ్. వాయించిన స్వరానికి పై స్థాయి స్వరాన్ని కూడా జోడిస్తుంది. రోజర్ మేయర్ తయారుచేసిన ఆక్టేవియా దీనికి ఆద్యం. మెడ వైపున్న నెక్ పికప్ ఎంచుకుని, గిటార్ టోన్ నాబ్ బాగా తగ్గించి, 12వ ఫ్రెట్‌కు (గిటార్ మెడ మీది అడ్డపట్టీకి) పైన ఒక్కొక్క స్వరమే వాయించినప్పుడు పై స్థాయి స్పష్టంగా వినిపిస్తుంది. మొదటి ఫజ్‌గా కొనదగినది కాదు.

జర్మేనియమా, సిలికానా?

అమ్మేవారి ప్రకటనల్లో అన్నిటికంటే ఎక్కువగా వినిపించే మాట ఇదే కనుక కాస్త ఆగి ఆలోచించాలి. తొలినాళ్ల పెడళ్లలో జర్మేనియం ట్రాన్సిస్టర్లు ఉండేవి. వాటి ధ్వని కొంత మృదువుగా ఉంటుంది, గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే చక్కగా శుభ్రపడుతుంది. సిలికాన్‌లో గెయిన్ (తరంగాన్ని పెంచే శక్తి) ఎక్కువ, పదును ఎక్కువ, పెడల్‌కూ పెడల్‌కూ తేడా తక్కువ. జర్మేనియంలో ఒకే నంబరున్న రెండు ట్రాన్సిస్టర్లు కూడా ఒకేలా ఉండవు. కాబట్టి ఎన్‌కేటీ 275 అనే పేరొందిన ట్రాన్సిస్టర్ నంబరు ముద్రించి ఉన్నంత మాత్రాన అదనపు డబ్బు చెల్లించనక్కరలేదు. తయారీదారు ట్రాన్సిస్టర్లను కొలిచి జత చేశారా లేదా అన్నదే అసలు ప్రశ్న.

జర్మేనియంకు వేడి పడదు. ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా ట్రాన్సిస్టర్‌లో వృథాగా కారిపోయే కరెంటు ఇంచుమించు రెట్టింపవుతుంది. ఫజ్ ఫేస్ సర్క్యూట్‌లో రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ (అవుట్‌పుట్ కాలు) దగ్గర వోల్టేజీ బ్యాటరీ ఇచ్చేదానిలో దాదాపు సగం, అంటే 4.5 వోల్టుల దగ్గర ఉండేలా సరిచేస్తారు. వేడికి అది తన చోటు వదిలి జరిగిపోగానే ధ్వని పలచబడి, స్వరం చివర తునకలు తునకలుగా తెగుతుంది. లండన్ వాతావరణంలో పుట్టిన ఈ సర్క్యూట్, మే నెలలో 40 డిగ్రీలు దాటే విజయవాడలోనో, రామగుండంలోనో ఆరుబయట వేదిక మీద అదే తీరుగా మోగాలని ఆశించలేం. ఏసీ గదిలో వాయించేవారు జర్మేనియం నిశ్చింతగా కొనవచ్చు. ఊరూరా కచేరీలు చేసేవారు సిలికాన్ గాని, పైనే బయాస్ నాబ్ (ఈ వోల్టేజీని సరిచేసేది) ఉన్న జర్మేనియం పెడల్ గాని తీసుకోవడం మంచిది.

మూడో అంచె: కొనే ముందు వాయించి చూడండి

వీలైతే మీ గిటార్‌నే దుకాణానికి తీసుకువెళ్లి, మీ ఇంట్లో ఉన్నటువంటి యాంప్‌నే అడగండి. ఫజ్ నాబ్ పూర్తిగా పెంచి, గిటార్ వాల్యూమ్ 10 మీద ఉంచి, మూడో తీగపై ఐదో ఫ్రెట్‌లో ఒక్క స్వరం మీటి, వేలు తీయకుండా చివరిదాకా వినండి. స్వరం సాఫీగా తగ్గిపోతున్నదా, లేక ఉన్నట్టుండి చిటపటలాడి ఆగిపోతున్నదా? రెండోది కొందరికి ఇష్టమే గాని, తెలిసి కొనాలి. తరువాత వేలు కదపకుండా గిటార్ వాల్యూమ్‌ను 7కు, ఆపై 5కు తగ్గిస్తూ మళ్లీ మీటండి. మంచి ఫజ్ ఫేస్ తరహా పెడల్ అయితే 5 దగ్గరకు వచ్చేసరికి దాదాపు శుభ్రమైన, మెరుపున్న ధ్వని రావాలి. పెడల్ ఆపినప్పటి కంటే వేసినప్పుడు శబ్దస్థాయి పెరిగే వీలుందో లేదో కూడా చూడండి. వాల్యూమ్ నాబ్ పూర్తిగా తిప్పినా యాంప్ మామూలు స్థాయిని మించలేని పెడల్ బ్యాండ్‌లో పనికిరాదు.

విద్యుత్ సరఫరా విషయంలో జాగ్రత్త

చాలా పెడళ్లు 9 వోల్టుల డీసీతో, ప్లగ్ మధ్య పిన్ రుణ ధ్రువంగా పనిచేస్తాయి. పీఎన్‌పీ రకం జర్మేనియం ట్రాన్సిస్టర్లున్న పాత తరహా ఫజ్‌లలో మాత్రం ధన ధ్రువమే గ్రౌండుకు కలిపి ఉంటుంది. వాటిని మిగతా పెడళ్లతోపాటు ఒకే అడాప్టర్ తీగకు గుచ్చితే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. పెడల్ వెనకో, జాక్ పక్కనో ఉన్న గుర్తు చదవకుండా ప్లగ్ పెట్టవద్దు. ఇటువంటి ఫజ్‌కు బ్యాటరీయే తేలిక మార్గం, లేదంటే విడిగా వేరుపరచిన అవుట్‌పుట్‌లున్న పవర్ సప్లై కావాలి. ఫజ్ తీసుకునే కరెంటు కొద్ది మిల్లీయాంపియర్లకు మించదు కనుక చవకగా దొరికే కార్బన్-జింక్ బ్యాటరీ చాలు. సాధన అయిపోగానే ఇన్‌పుట్ జాక్ నుంచి కేబుల్ తీసేయండి. కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ పెడల్ ఆపి ఉన్నా బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.

నాలుగో అంచె: వరుసలో ఫజ్‌కు మొదటి చోటు ఇవ్వండి

సాధారణ పెడళ్ల ఇన్‌పుట్ ఇంపీడెన్స్ (వచ్చే తరంగానికి పెడల్ చూపే విద్యుత్ నిరోధం) లక్షల ఓమ్‌లలో ఉంటే, ఫజ్ ఫేస్‌లో అది వేల ఓమ్‌లే. కాబట్టి గిటార్ పికప్, ఫజ్ ఒకే సర్క్యూట్‌లో భాగాలైనట్టు ఒకదానిపై ఒకటి ఆధారపడతాయి. గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే ఫజ్ శుభ్రపడే గుణం ఈ బంధం వల్లే వస్తుంది. మధ్యలో బఫర్ (గిటార్‌ను తరువాతి పెడల్ నుంచి విడదీసే సర్క్యూట్) ఉన్న ట్యూనర్‌నో, వైర్‌లెస్ రిసీవర్‌నో పెడితే బంధం తెగి ధ్వని కీచుగా, మొండిగా మారుతుంది. యాక్టివ్ పికప్‌లతో వచ్చే చిక్కు కూడా ఇదే. కనుక గిటార్ కేబుల్ ముందుగా ఫజ్‌లోకి, అక్కడి నుంచి ట్యూనర్, ఓవర్‌డ్రైవ్, ఆ తరువాత ప్రతిధ్వనినిచ్చే డిలే, రివర్బ్‌లకు వెళ్లాలి. బిగ్ మఫ్‌కు ఇంత పట్టింపు లేదు. దాన్ని ఎక్కడ పెట్టినా చాలావరకు సర్దుకుంటుంది. కాలితో ఊపితే ‘వా’ అన్నట్టు మోగే వా పెడల్ ఉన్నవారు రెండు వరుసలూ ప్రయత్నించాలి. వా ముందుంటే కొన్ని ఫజ్‌లతో ఈలవేసినట్టు కూత వస్తుంది.

ఐదో అంచె: నాబ్‌లను సరిచేసి వాయించండి

ముందు పెడల్ ఆపి, యాంప్‌ను శుభ్రమైన ధ్వనికీ చీలికకూ సరిహద్దులో ఉంచండి. బాస్ కొంచెం తగ్గించండి. ఫజ్ వేసి, దాని వాల్యూమ్‌ను ఆపినప్పటి స్థాయికి సమంగానో, కాస్త పైకో తెచ్చుకోండి. ఫజ్ నాబ్‌ను చివరిదాకా తిప్పి, అక్కడి నుంచి రొద తగ్గేదాకా వెనక్కి రండి. అక్కడితో పెడల్‌ను వదిలేసి, ఇక ఏ మార్పు కావాలన్నా గిటార్ వాల్యూమ్ నాబ్‌తోనే చేయడం అలవాటు చేసుకోండి. పల్లవికి 6, సోలోకు 10 అన్నట్టు చిటికెనవేలితో తిప్పడం వస్తే ఒక్క ఫజ్ రెండు మూడు పెడళ్ల పని చేస్తుంది.

వాయించే తీరూ మారాలి. షడ్జమ, పంచమాలు మాత్రమే ఉండే పవర్ కార్డ్ ఫజ్‌లో నిటారుగా నిలుస్తుంది. గాంధారం చేరిందంటే స్వరాలు ఒకదానితో ఒకటి కలిసి కొత్త శబ్దాలు పుట్టి బురదగా వినిపిస్తుంది. ఆరు తీగల కార్డ్‌లను పక్కన పెట్టి రెండు, మూడు తీగలకే పరిమితం కండి. వాయించని తీగలను కుడి అరచేతి అంచుతో, ఎడమచేతి వేళ్ల కొనలతో తాకి ఆపుతూ ఉండాలి. ఫజ్‌లో పక్క తీగ కదిలిన చప్పుడు కూడా స్వరమంత పెద్దగా వస్తుంది.

ఇబ్బందులు వచ్చినప్పుడు

రొద భరించలేనంతగా ఉంటే గిటార్‌ను పట్టుకున్న దిశ మార్చి, దగ్గరలోని మొబైల్ చార్జర్లను, ఎల్‌ఈడీ లైట్లను ఆపి చూడండి. నాయిస్ గేట్ (వాయించనప్పుడు రొదను ఆపే పెడల్) వాడితే ఫజ్ తరువాతే కలపండి. సన్నగా రేడియో మాటలు వినిపిస్తే పొడవాటి కేబుల్ బదులు మంచి కవచమున్న పొట్టి కేబుల్ వేయండి. వేడికి జర్మేనియం పెడల్ ధ్వని చెదిరితే నీడకు, ఫ్యాన్ గాలికి చేర్చి కాసేపు ఆగండి. కొందరు ఫ్రిజ్‌లో పెడుతుంటారు గాని, బయటికి తీయగానే లోపల తేమ పట్టి స్విచ్చులు, జాక్‌లు తుప్పుపడతాయి. పెడల్ ఆపినా గిటార్ మందంగా వినిపిస్తుంటే స్విచ్ వైరింగ్ పాత తరహాదని, ఆపి ఉన్నా సర్క్యూట్ గిటార్‌పై భారం వేస్తున్నదని అర్థం. పెడల్ రిపేరు తెలిసినవారి చేత ట్రూ బైపాస్ స్విచ్ (ఆపినప్పుడు పెడల్ సర్క్యూట్‌ను పూర్తిగా తప్పించేది) వేయించుకోవచ్చు. విలువైన పాత పెడల్‌ను విప్పడం ఇష్టం లేనివారు ఒక లూప్ స్విచ్చర్ (పెడల్‌ను వరుసలోంచి తప్పించే స్విచ్ పెట్టె) కొని, ఫజ్‌ను అందులో కలుపుకుంటే సరిపోతుంది.