మూసీ నీళ్ళు సీసాలో పట్టేముందు

మురుగుశుద్ధి ప్లాంటు ల్యాబులో పద్దెనిమిదేళ్ళు సీసాలు కడిగినవాణ్ణి. ఇప్పటికీ మా బస్తీ కాలేజీ పిల్లలు వచ్చి, "అంకుల్, ప్లాంటు వల్ల మూసీ బాగుపడిందా లేదా, తెలుసుకునేదెట్లా?" అని అడుగుతుంటారు. ప్లాంటు గేటు దగ్గర నిలబడితే తెలియదు. సీసా పట్టుకొని నది వెంట కిందికి పోవాలె.

కనీసం మూడు చోట్ల నీళ్ళు తీయండి. ఒకటి ప్లాంటుకు ఎగువనున్న మూసారాంబాగ్ వంతెన. రెండోది రోజుకు 339 మిలియన్ లీటర్ల సామర్థ్యమున్న అంబర్‌పేట ప్లాంటు దాటాక నాగోలు వంతెన. మూడోది ఇంకా దిగువన ప్రతాపసింగారం. ప్లాంటు నీళ్ళు పడేచోటనే ముంచితే మీకు దొరికేది ప్లాంటు, నది కాదు. ఆ నీళ్ళు ఒడ్డును ఒరుసుకుంటూ చాలాదూరం విడిగానే పారుతాయి. అందుకే వంతెన నడుమ నుంచి తాడు కట్టిన బకెట్ దించాలె. దారిలో ఏ నాలా ఎక్కడ కలుస్తుందో కూడా రాసుకోండి. లేకపోతే నాలా చేసిన పాపం ప్లాంటు నెత్తిన పడుతుంది.

మనం కొలిచేది నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, అందుకని టైము ముఖ్యం. తెల్లారకముందు పోండి. పగలు నాచు ఎండకు ఆక్సిజన్ వదులుతుంది, నిలిచిన మడుగు నీళ్ళు కూడా మంచివాటిలాగే కనిపిస్తాయి. రాత్రంతా నాచూ, నీళ్ళలోని జీవులూ పీల్చుకున్నాక మిగిలిందెంతో అదే అసలు లెక్క.

ఇక సీసా. 300 మిల్లీలీటర్ల గాజు సీసాను బుడగ లేకుండా, పొంగిపొర్లేదాకా నింపండి. మాంగనీస్ సల్ఫేటు 2 మిల్లీలీటర్లు, ఆల్కలీ అయోడైడ్ అజైడ్ 2 మిల్లీలీటర్లు పిపెట్ కొన నీళ్ళలో ముంచి వదలాలె. బిరడా బిగించి తలకిందులుగా తిప్పండి. గోధుమరంగు మడ్డి దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు. తెల్లగానే ఉంటే లేనట్టు. మొదటిసారి తెల్లమడ్డి చూసి నేను రీజెంటు, అంటే సీసాలో వేసే రసాయనం, పాడైందనుకున్నాను. నాలుగు సీసాలు మళ్ళీ పట్టి చూసినా అంతే! పాడైంది రీజెంటు కాదు. మడ్డి దిగాక గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 2 మిల్లీలీటర్లు, గ్లవ్స్ లేకుండా మాత్రం వద్దు. అందులో 200 మిల్లీలీటర్లు తీసి, కొంచెం పిండి ద్రావణం కలిపి, ఆ నీలం పోయేదాకా 0.025 నార్మల్ గాఢత ఉన్న థయోసల్ఫేటు చుక్కలు వేస్తే, ఖర్చయిన ఒక్కో మిల్లీలీటరుకు లీటరుకు ఒక మిల్లీగ్రాము ఆక్సిజన్. మన వాతావరణంలో మంచి నీళ్ళు 8 దగ్గరికి వస్తాయి.

బీఓడీ అంటే నీళ్ళలోని మురుగును తినే సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్. ఆ పరీక్ష మన దేశంలో 27 డిగ్రీల దగ్గర 3 రోజులు పెట్టి చేస్తారు. 2019లో హరిత ట్రిబ్యునల్ ప్లాంటు నీళ్ళ బీఓడీకి చెప్పిన హద్దు లీటరుకు 10 మిల్లీగ్రాములు. ఆ అంకె సరిపోయిందని సంబరపడకండి. అంబర్‌పేటలో మొదట కట్టిన పద్ధతిలాగా గాలి తగలని రియాక్టర్లలో అమోనియా పోదు. ఒక్క మిల్లీగ్రాము అమోనియా నత్రజని నైట్రేటుగా మారడానికి నాలుగున్నర మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కావాలె. అందుకని ప్లాంటు దగ్గర పాసైన నీళ్ళు కూడా పది మైళ్ళ కింద నది ఊపిరి ఆపేయొచ్చు. కత్వ (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్ట) మీద నీళ్ళు దూకినచోట గాలి కలుస్తుంది, నురుగూ లేస్తుంది. కాబట్టి కత్వకు పైనా కిందా విడివిడిగా తీయండి.

అక్కడ గడ్డి కోస్తున్నవాళ్ళతో కాసేపు మాట్లాడండి. పరికరం చెప్పనిది వాళ్ళు చెప్తారు. ప్రతాపసింగారం దగ్గర ఒకాయన నాతో, "యూరియా తక్కువేసినా వరి నల్లగా పెరుగుతది సారూ, గింజపట్టేనాటికి పడిపోతది" అన్నాడు. అదే అమోనియా, రైతు నోట.

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తినరోజు పోవద్దు. ఒడ్డు ప్రమాదం, పైగా వరదనీటితో పలచబడిన అంకెలు చూసి మోసపోతారు.

బీఓడీ సాంపిళ్ళను ఐసుపెట్టెలో తెచ్చుకోండి, ఇంటి ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. 2009లో నేను పెట్టాను. పెరుగు పక్కన పెట్టిన ఆ సీసా సంగతి మా ఆవిడ ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది.