తిరిగి విధుల్లోకి తీసుకున్నాక బకాయి జీతం: కోతలు సరిచూసుకోవడం ఎలా?

సస్పెన్షన్ ఎత్తేసినా, డిస్మిసల్‌ను కోర్టు కొట్టేసినా, చాలామంది ప్రభుత్వ ఉద్యోగులు జాయినింగ్ రిపోర్టు ఇచ్చేసి బకాయి బిల్లు సంగతి ఆఫీసుకు వదిలేస్తారు. అలా వదిలేయకండి. ట్రెజరీలో పాసైన బిల్లులో తప్పు దిద్దించుకోవడం నెలల తరబడి సాగే పని. బిల్లు ఇంకా డీడీఓ (జీతాల బిల్లు వేసే మీ ఆఫీసు అధికారి) దగ్గర ఉండగానే కింది పనులు పూర్తిచేయండి.

1. ప్రొసీడింగ్స్‌లో ఏ రూలు రాశారో చూడండి

శిక్షను పై అధికారి రద్దు చేస్తే ఎఫ్‌ఆర్ (ఫండమెంటల్ రూల్స్, అంటే సర్వీసు మూల నిబంధనలు) 54, కోర్టు రద్దు చేస్తే 54-ఎ, సస్పెన్షన్ కాలమైతే 54-బి వర్తిస్తాయి. ఆ కాలాన్ని డ్యూటీగా పరిగణించి పూర్తి జీతం ఇస్తారా, లేదా అన్నది ఆ ప్రొసీడింగ్స్ ఆర్డరులో స్పష్టంగా ఉండాలి. లేకపోతే వెంటనే రాతపూర్వకంగా అడగండి. పూర్తి జీతం ఇవ్వదలచుకోకపోతే ముందుగా మీకు నోటీసు ఇచ్చి, మీ వాదన వినాలి. జవాబుకు ఇచ్చే గడువు 60 రోజులకు మించదు, దాన్ని చేజార్చుకోవద్దు. డ్యూటీగా పరిగణించకపోతే, ఆ రోజులను మీ ఖాతాలో ఉన్న సెలవుగా మార్చమని కోరవచ్చు.

2. డ్యూ-డ్రాన్ స్టేట్‌మెంట్ కాపీ తీసుకోండి

రావాల్సింది ఒక గడిలో, తీసుకున్నది పక్క గడిలో నెలవారీగా వేసే పట్టిక ఇది. మూలవేతనం, డీఏ కలిపి నెలకు 60,000 రూపాయలు వచ్చే ఉద్యోగి ఏడాది సస్పెన్షన్‌లో ఉన్నారనుకుందాం. మొదటి 3 నెలలు జీవనభృతి (సస్పెన్షన్‌లో జీతం బదులు ఇచ్చే మొత్తం) 30,000 చొప్పున, తర్వాత 9 నెలలు పెంచిన భృతి 45,000 చొప్పున ఇచ్చారు. రావాల్సింది 7,20,000, తీసుకున్నది 4,95,000, మిగిలింది 2,25,000. డ్యూటీగా పరిగణిస్తే ఆ కాలంలోని ఇంక్రిమెంటు, డీఏ పెంపు కూడా రావాల్సిన గడిలో పడాలి. ఎక్కువగా జారిపోయేవి ఇవే.

నిర్బంధ పదవీ విరమణ తర్వాత తిరిగి వచ్చినవారైతే, మధ్యలో అందుకున్న పింఛను, గ్రాట్యుటీ సర్దుబాటు అవుతాయి. అది న్యాయమైన కోతే.

3. బయటి సంపాదన విషయంలో జాగ్రత్త

డిస్మిసల్, రిమూవల్ కాలంలో వేరే ఉద్యోగం చేసి సంపాదించింది బకాయిలోంచి తీసేస్తారు. సంపాదన బకాయితో సమానమైనా, అంతకన్నా ఎక్కువైనా ఏమీ రాదు. అయితే రూలు చెప్పేది ఉద్యోగం ద్వారా వచ్చిన సంపాదన గురించే. ఇంటి అద్దె, బ్యాంకు వడ్డీ దాని కిందికి రావని గట్టిగా రాయండి. ఏ ఉద్యోగమూ చేయనివారు ఆ మాటను అఫిడవిట్‌లో పెట్టాలి. అలా చెప్పాక, కాదని నిరూపించాల్సిన భారం యాజమాన్యానిదేనని 2013లో దీపాలి గుండు సుర్వాసే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నిజం దాచకండి. తర్వాత బయటపడితే అదే కొత్త ఛార్జి అవుతుంది.

4. తక్కిన కోతలు

సీపీఎస్ (ఉద్యోగి, ప్రభుత్వం ఇద్దరూ వాటా కట్టే పింఛను పథకం) ఉద్యోగులు తమ వాటా కోసినప్పుడు ప్రభుత్వ వాటా కూడా జమ అయిందో లేదో తప్పక చూడాలి. అప్పుల వాయిదాలు ఇప్పటికే భృతిలోంచి కోసి ఉంటే రెండోసారి కోయకుండా పాత పే స్లిప్పులు దగ్గర పెట్టుకోండి.

5. పన్ను ఉపశమనం అడగండి

కొన్నేళ్ల జీతం ఒకే ఏడాది చేతికొస్తే పన్ను శ్లాబు ఎగబాకుతుంది. బకాయిని ఏ ఏడాదిది ఆ ఏడాదికి పంచి లెక్కవేసే ఉపశమనం 1961 చట్టంలో సెక్షన్ 89 కింద, ఫారం 10ఇ ద్వారా ఉండేది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది కాబట్టి, ఇప్పుడు వాడాల్సిన ఫారమేదో పోర్టల్‌లో సరిచూసుకోండి. ఆ వివరాలు డీడీఓకు ముందే ఇస్తే టీడీఎస్ ఆ మేరకు తగ్గుతుంది.

6. కోత తప్పనిపిస్తే

ఏ రూలు కింద కోశారో చెప్పమని డీడీఓకు అర్జీ ఇచ్చి, అందినట్టు సంతకం, తేదీ తీసుకోండి. జవాబు రాకపోతే శాఖాధిపతికి రాయండి. అక్కడా తేలకపోతే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో రాష్ట్ర పరిపాలనా ట్రిబ్యునళ్లు రద్దయ్యాయి గనుక రాష్ట్ర ఉద్యోగులు హైకోర్టుకు వెళ్లాలి. కేంద్ర ఉద్యోగులకు హైదరాబాద్‌లో క్యాట్ (కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్) బెంచి ఉంది.